ఓడ అడుగున ఏముందో అడగండి

హైదరాబాదు పాతబస్తీలో గౌలిపుర అనే పేట ఉంది. గౌలి అంటే పశువుల్ని పెంచి పాలు అమ్మేవాడు. నగరం చుట్టూ కోటగోడ ఉన్న రోజుల్లో ఆ పేరుతో ఒక దర్వాజా కూడా ఉండేది. సముద్రం ఆ పేటకు వందల కిలోమీటర్ల దూరం. అయినా ఓడలు సముద్రం మీద ఎలా నిలబడతాయో తెలుసుకోవాలంటే గౌలిపుర వాళ్లకు రేవుపట్నం దాకా వెళ్లే పని లేదు. పాలవాళ్ల చేతిలోని లాక్టోమీటరు చూస్తే చాలు.

పాలలో నీళ్లు ఎంత కలిశాయో చూడటానికి వాడే ఈ గాజు గొట్టాన్ని మీరు చూసే ఉంటారు. పైన సన్నని కాడ, దాని మీద అంకెలు, కింద ఉబ్బుగా ఉండే బుడ్డి. ఆ బుడ్డి అడుగున చిన్న చిన్న సీసపు గుండ్లో, కాస్త పాదరసమో ఉంటుంది. అది ఎందుకు? గాజు గొట్టాన్ని ఉత్తగా పాలలో వేస్తే పక్కకు ఒరిగి పడుకుంటుంది. పడుకున్న గొట్టం మీద అంకె చదవలేం. అడుగున లోహపు బరువు ఉంది కాబట్టే అది నిటారుగా నిలిచి, పాల సాంద్రత ఎంతో చెబుతుంది. తెరచాప ఓడ కూడా ఇలాంటిదే. పైన ఎత్తైన స్తంభాలు, వాటికి గాలి నింపుకున్న చాపలు, కింద ఎవరికీ కనిపించని లోహపు బరువు. దీన్ని ఇంగ్లీషులో బ్యాలస్ట్ అంటారు. మనం అడుగు బరువు అందాం.

ఈ అడుగు బరువు గురించి నాకొక అభిప్రాయం ఉంది. మనం వ్యాపార చరిత్ర చదివేటప్పుడు ఓడలో వెళ్లిన పట్టును, వజ్రాలను, సుగంధ ద్రవ్యాలను చూస్తాం. ఓడ గురించి చదివేటప్పుడు తెరచాపను, చుక్కానిని చూస్తాం. అడుగున ఉన్న దాన్ని మాత్రం ఎవరూ అడగరు. అది ఉత్త బరువేగదా అనుకుంటాం. అలా అనుకున్నందువల్ల చరిత్రలో మనకు రావలసిన ఒక గౌరవం రాలేదు. విజ్ఞానశాస్త్రంలో ఒక మంచి పాఠం చేజారింది. అంతేకాదు, ఒక పెద్ద నష్టం కూడా జరిగింది. ఒక్కొక్కటే చెబుతాను, మీరే ఆలోచించండి.

బరువు కాదు, చోటు ముఖ్యం

"ఇనుము నీళ్లలో మునుగుతుంది కదా, దాన్ని కావాలని ఓడలో వేసుకోవడం ఏమిటి?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్నే. జవాబు కోసం ఒక చిన్న ప్రయోగం చేయండి. మూత ఉన్న ఖాళీ ప్లాస్టిక్ సీసా ఒకటి తీసుకొని, బకెట్ నీళ్లలో నిలబెట్టి చూడండి. నిలవదు, పడిపోతుంది. దాన్ని తీసి గుప్పెడు ఇనుప మేకులు లోపల వేసి, మూత బిగించి మళ్లీ నీళ్లలో పెట్టండి. కాస్త లోతుగా దిగుతుంది గాని నిటారుగా నిలుస్తుంది. పక్కకు నొక్కి వదిలితే తిరిగి లేస్తుంది. ఇప్పుడు అవే మేకుల్ని బయటికి తీసి, గుడ్డలో మూటగట్టి సీసా మెడకు కట్టండి. వెంటనే బోల్తా పడుతుంది. మేకులు అవే, నీళ్లు అవే, సీసా అదే. మారింది చోటు ఒక్కటే.

దీని వెనక ఉన్న సూత్రం మీరు చదివినదే. ఓడ బరువంతా ఒక బిందువు దగ్గర ఉన్నట్టు భావించవచ్చు. అది గరిమనాభి. నీళ్లు ఓడను పైకి నెట్టే బలం మరో బిందువు గుండా పనిచేస్తుంది. అది ఉత్ప్లవన కేంద్రం. ఓడ నిటారుగా ఉన్నంతసేపూ ఈ రెండు బలాలూ ఒకే నిలువు గీత మీద ఉంటాయి. గాలికి ఓడ ఒక పక్కకు ఒరిగిందనుకోండి. నీళ్లలో మునిగిన భాగం ఆకారం మారుతుంది. ఉత్ప్లవన కేంద్రం ఒరిగిన వైపుకు జరుగుతుంది. గరిమనాభి బాగా కిందికి ఉంటే ఆ రెండు బలాలూ కలిసి ఓడను తిరిగి లేవదీస్తాయి. గరిమనాభి బాగా పైన ఉంటే అవే రెండు బలాలు ఓడను ఇంకా పక్కకు తోసి బోల్తా కొట్టిస్తాయి. తంజావూరు బొమ్మను ఎన్నిసార్లు పడగొట్టినా లేచి కూర్చోవడం చూశారు కదా. దాని కిటుకు కూడా అడుగున ఉన్న బరువే.

ఈ పాఠాన్ని స్వీడన్ దేశం ప్రాణాలు పోగొట్టుకొని నేర్చుకుంది. 1628 ఆగస్టు 10న వాసా అనే యుద్ధనౌక స్టాక్‌హోం రేవు నుంచి మొదటిసారి బయలుదేరింది. దాని మీద 64 ఫిరంగులు ఉన్నాయి. అడుగున దాదాపు 120 టన్నుల రాళ్లు పోశారు. కాని ఆ ఓడకు అది చాలలేదు. ప్రయాణానికి ముందు 30 మంది మనుషుల్ని ఓడ మీద ఒక పక్క నుంచి రెండో పక్కకు పరుగెత్తించి పరీక్షించారు. ఓడ మరీ ఊగిపోతుంటే మూడు పరుగులతోనే పరీక్ష ఆపేశారు. అయినా ప్రయాణం ఆపలేదు. కిలోమీటరు పైచిలుకు వెళ్లేసరికి ఒక గాలి విసురుకు ఓడ ఒరిగింది. కింది వరస ఫిరంగి కిటికీల్లోంచి నీళ్లు లోపలికి వచ్చి, తీరాన జనం చూస్తుండగానే మునిగిపోయింది. 30 మంది దాకా చనిపోయారు. పైన లోహం ఎక్కువైంది, కింద బరువు తక్కువైంది. మీ సీసా మెడకు కట్టిన మేకుల మూటను గుర్తుచేసుకోండి.

అలాగని అడుగు బరువు ఎంత వేస్తే అంత మంచిదనుకోకూడదు. అది మితిమీరితే ఓడ ఒరిగీ ఒరగకముందే విసురుగా వెనక్కి లేస్తుంది. ఆ కుదుపులకు స్తంభాలు విరుగుతాయి. పైగా సరుకు వేసుకునే వీలు తగ్గిపోతుంది. కాబట్టి మేలు చేసేది బరువు కాదు, తగినంత బరువు, తగిన చోట.

రాయా, ఇనుమా, సీసమా?

రాళ్లు, ఇసుక ఎక్కడైనా దొరుకుతాయి. మరి ఖరీదైన లోహం ఎందుకు వాడారు? లెక్క వేసి చూద్దాం. 100 టన్నుల బరువు కావాలనుకోండి. నీళ్లయితే 100 ఘనమీటర్ల చోటు పడుతుంది. నల్లరాయి సాంద్రత నీటికి 2.7 రెట్లు కాబట్టి 37 ఘనమీటర్లు చాలాలి. కాని రాళ్లను కుప్పగా పోస్తే మధ్య సందులు ఉంటాయి కాబట్టి 60 దాకా పడుతుంది. పోత ఇనుము 14 ఘనమీటర్లలో ఇమిడిపోతుంది. సీసానికి 9 చాలు. తక్కువ చోటులో ఇమిడిందంటే ఓడ అడుగుకు ఇంకా దగ్గరగా ఉంటుందన్నమాట. గరిమనాభి ఇంకా కిందికి దిగుతుంది. మిగిలిన చోటంతా సరుకుకు, మంచినీళ్ల పీపాలకు పనికివస్తుంది.

ఇంకో లాభం కూడా ఉంది. ఇసుక, గులకరాళ్లు తుఫానులో ఒక పక్కకు జారిపోతాయి. అడుగు బరువే పక్కకు జారితే ఓడకు మిత్రుడే శత్రువవుతాడు. ఇనుప దిమ్మల్ని ఇటుకల్లాగా పక్కపక్కన పేర్చి కదలకుండా బిగించవచ్చు. ఇంగ్లీషు యుద్ధనౌకల్లో ఇందుకోసం పోతపోసిన దిమ్మలు వాడేవారు. మూడడుగుల పొడవు, ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల మందం గల దిమ్మ ఒక్కొక్కటి 145 కిలోల దాకా తూగేది. వీటిని కెంట్‌లెడ్జ్ అనేవారు. తమాషా ఏమిటంటే, వంతెనలకు, భవనాలకు భూమిలో దించిన స్తంభాలు ఎంత బరువు మోస్తాయో పరీక్షించేటప్పుడు పైన పేర్చే బరువులను ఇంజనీర్లు ఇప్పటికీ ఆ పేరుతోనే పిలుస్తారు. ఓడలోని మాట ఊళ్లోకి వచ్చింది.

ఆపద వేళ ఈ బరువును పారేసి కూడా ప్రాణాలు దక్కించుకోవచ్చు. 1770 జూన్‌లో కెప్టెన్ కుక్ ఓడ ఎండెవర్ ఆస్ట్రేలియా తూర్పు తీరాన పగడపు దిబ్బకు చిక్కుకుంది. ఓడను తేలిక చేయడానికి ఆరు ఫిరంగులతో పాటు అడుగున ఉన్న ఇనుమునూ, రాళ్లనూ సముద్రంలోకి విసిరేశారు. ఓడ దిబ్బ మీది నుంచి లేచి బయటపడింది. ఆ ఫిరంగులూ, కొంత ఇనుమూ 1969లో సముద్రగర్భంలో దొరికాయి. దాదాపు 200 ఏళ్లు అక్కడే ఉండి, ఆనాటి సంఘటనకు సాక్ష్యం చెప్పాయి.

గోల్కొండ ఓడల అడుగున

ఇక మన సంగతికి వద్దాం. గోల్కొండ అనగానే మనకు గుర్తుకు వచ్చేది వజ్రాలు. మచిలీపట్నం అనగానే కలంకారీ బట్ట. మంచిదే. కాని ఒక్క క్షణం సరంగులాగా ఆలోచించండి. బట్ట మూటలు ఎంత చోటు పడతాయో అంత బరువుండవు. వజ్రాల మూట ఎంత విలువైనదైనా ఓడను నిలబెట్టలేదు. ఓడ నిండా బట్ట మూటలే పేర్చి, అడుగున ఏ బరువూ లేకుండా నడిసముద్రానికి వెళ్లే సరంగు ఉంటాడా? అడుగున ఏదో బరువైనది వేసుకోవాలి. అది రాయి అయితే దాని మీద పైసా రాదు. అమ్ముడుపోయే బరువైతే రెండు పనులూ జరుగుతాయి.

ఆ అమ్ముడుపోయే బరువు మన దేశంలో ఉంది. 17వ శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి ముఖ్యమైన రేవు. డచ్చివారు 1605లో, ఇంగ్లీషువారు 1611లో అక్కడికి చేరారు. డచ్చివారిని మనవాళ్లు వలందులు అనేవారు. మచిలీపట్నంలో వలందపాలెం అనే పేట పేరు దానికి గుర్తు. ఈ తీరం నుంచి డచ్చి కంపెనీ తీసుకువెళ్లిన సరుకుల లెక్కల్లో బట్టతో పాటు ఇనుము, ఉక్కు కూడా కనిపిస్తాయి. తిరిగి వచ్చేటప్పుడు వాళ్లు జపాను రాగి కడ్డీలు తెచ్చి ఇక్కడ అమ్మేవారు. ఇనుమూ, రాగీ వంటి బరువు సరుకులను ఓడ అడుగున, తేలిక సరుకులను పైన పేర్చడం సముద్ర వ్యాపారంలో మొదటి నియమం. అంటే సరుకే అడుగు బరువు, అడుగు బరువే సరుకు.

ఈ ఉక్కు ఎక్కడిది? ఇప్పటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం, ఆ చుట్టుపక్కల ఊళ్లు దీనికి పేరుపొందినవి. ఇనుమును మట్టి మూసలో పెట్టి, మూత బిగించి, కొలిమిలో గంటల తరబడి కాల్చి, నెమ్మదిగా చల్లార్చి అక్కడి కమ్మరులు ఉక్కు ముద్దలు తీసేవారు. పశ్చిమాసియా కత్తుల మీద నీటి అలల్లాంటి గీతలు తేలేవి ఇలాంటి ఉక్కుతోనే. హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ శాస్త్రజ్ఞుడు లాంబ్టన్ సర్వే బృందంతో ఈ ప్రాంతమంతా తిరిగి, కోనసముద్రం కొలుముల గురించి రాశాడు. ఆయన 1824లో చనిపోయాడు. ఆయన రాసినది 1832లో అచ్చయింది. ఉక్కు కొనడానికి పారశీక దేశంలోని ఇస్ఫహాన్ నుంచి వర్తకుడు స్వయంగా కోనసముద్రం దాకా వచ్చి, కొలిమి దగ్గరే ఉండి చూసుకోవడం అందులో కనిపిస్తుంది. తూకం వేసి, పని చూసి, తనకు నచ్చితేనే కొనేవాడన్నమాట.

ఇంకా వెనక్కి వెళితే మరో విశేషం ఉంది. యజ్ఞశ్రీ శాతకర్ణి కాలపు శాతవాహన నాణేల మీద రెండు స్తంభాల ఓడ బొమ్మ కనిపిస్తుంది. ఆ ఓడ నాణేలలో చాలావాటికి వాడిన లోహం సీసం. 1వ శతాబ్దపు పెరిప్లస్ అనే గ్రీకు గ్రంథం మన దేశపు పడమటి రేవులకు వచ్చే సరుకుల్లో రాగిని, తగరాన్ని, సీసాన్ని పేర్కొంటుంది. అంత దూరం నుంచి వచ్చే ఓడలకు ఆ లోహాలు అడుగున నిలకడనిచ్చి, రేవు చేరాక డబ్బునిచ్చేవి. మూటలు మోసే ఓడకు సీసం ఎంత పని చేసేదో, ఆ ఓడ బొమ్మను మోయడానికీ అంత పని చేసింది.

ఇప్పుడు చెప్పండి, గోల్కొండ వైభవంలో కోనసముద్రం కమ్మరికి వాటా ఉందా లేదా? వజ్రం రాజుగారి కిరీటంలో మెరిసింది కాబట్టి అందరికీ కనిపించింది. ఇనుము ఓడ చీకటి అడుగున ఉంది కాబట్టి ఎవరికీ కనిపించలేదు. చరిత్ర మెరిసేదాన్ని మాత్రమే లెక్కపెడితే అది సగం చరిత్రే. 2010లో మన దేశపు శాస్త్రజ్ఞులూ, ఇంగ్లండు శాస్త్రజ్ఞులూ కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్లలో తిరిగి, పాత కొలుముల చోట్లను, ఇనుప చిట్టెం కుప్పలను నమోదు చేశారు. ఆ చిట్టెం కుప్పే అక్కడి కమ్మరుల సంతకం. పొలం చదును చేస్తూనో, రోడ్డుకు పోస్తూనో దాన్ని ఎత్తి పారేస్తే ఆ సంతకం చెరిగిపోతుంది. మళ్లీ ఎవరూ పెట్టలేరు.

ఇనుము పోయి నీళ్లు వచ్చాయి

"ఇదంతా పాతకాలపు ముచ్చట. ఇప్పటి ఓడలకు ఇనుప దిమ్మలు ఎందుకు?" అని మీలో కొందరు అనవచ్చు. నిజమే. 19వ శతాబ్దం మధ్య నుంచి ఇనుప ఆవిరి ఓడలు వచ్చాయి. వాటి అడుగున తొట్లు కట్టి, సరుకు లేనప్పుడు సముద్రపు నీటినే నింపుకోవడం మొదలుపెట్టారు. సరుకు ఎక్కించేటప్పుడు ఆ నీళ్లను బయటికి తోడేస్తారు. ఎంత సులువు! కూలీలు అక్కర్లేదు, కొనే పని లేదు, పంపు తిప్పితే చాలు. ఇనుప దిమ్మల్ని మోసి మోసి నడుములు విరిగిన మనుషులకు ఇది పెద్ద ఊరట. ఆ మార్పు తప్పని నేను అనను.

కాని ఒక ప్రశ్నను చాలాకాలం ఎవరూ అడగలేదు. ఇనుప దిమ్మలో ప్రాణి ఉండదు. ఒక రేవులోని నీటిని తోడి, వేల కిలోమీటర్ల అవతల మరో రేవులో పారబోస్తే అందులో ఉన్న ప్రాణుల సంగతేమిటి? గుడ్లు, పిల్ల పురుగులు, నాచు, సూక్ష్మజీవులు అన్నీ ఉచితంగా ప్రయాణం చేస్తాయి. యూరపు నుంచి ఇలా వచ్చిన చారల ఆల్చిప్ప ఒకటి ఉత్తర అమెరికా మహాసరస్సుల్లో 1988లో బయటపడింది. కొద్ది ఏళ్లలోనే నీటి గొట్టాలను మూసేసి, అక్కడి సొంత ఆల్చిప్పలను అణగదొక్కి, కోట్ల డాలర్ల నష్టం తెచ్చింది.

మన తీరానికి కూడా ఓడల వెంట ఒక అతిథి వచ్చింది. కరీబియన్ ప్రాంతపు మిటిలాప్సిస్ సాలీ అనే చిన్న ఆల్చిప్ప 1967 ప్రాంతంలో విశాఖపట్నం రేవులో కనిపించింది. ఆంధ్ర విశ్వవిద్యాలయం జంతుశాస్త్రజ్ఞులు దాన్ని గుర్తించి ప్రకటించారు. ఓడల పొట్టకు, రేవు స్తంభాలకు అది గుత్తులు గుత్తులుగా అంటుకొని పెరుగుతుంది. మంచినీళ్లు కలిసినా, మురికి కలిసినా తట్టుకుంటుంది. ఆస్ట్రేలియాలోని డార్విన్ రేవులో ఇదే జాతి 1999లో కనిపిస్తే, అక్కడివాళ్లు పడవలు నిలిపే చోట్లను మూసేసి, నీటిలో మందులు కలిపి, దాన్ని మొదట్లోనే తుదముట్టించారు. ఆలస్యమైతే అది అసాధ్యమయ్యేది. చివరికి 2004లో ఓడల అడుగు నీటి మీద అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. అది 2017 సెప్టెంబరు 8న అమలులోకి వచ్చింది. ఓడలు ఆ నీటిని శుభ్రపరిచిగాని వదలకూడదని దాని సారాంశం. నీళ్లు నింపడం మొదలుపెట్టిన నాటి నుంచి ఈ ఆలోచన రావడానికి నూరేళ్లకు పైగా పట్టింది!

ఇనుము దోషమే లేనిదని నేను చెప్పడం లేదు. ఇనుము తుప్పు పడుతుంది. సీసం విషం, దాన్ని జాగ్రత్తగా కప్పి వాడాలి. లోహం ఖరీదెక్కువ. నడిసముద్రంలో పెంచుకోవడానికి, తగ్గించుకోవడానికి వీలుకాదు. నేను చెప్పేది ఒక్కటే. పాతదాన్ని తీసేసి కొత్తది పెట్టే ముందు, ఆ పాతది చెప్పకుండా చేసిన పనులేమిటో, చెయ్యకుండా ఉన్న చెరుపులేమిటో లెక్క వేయాలి. ఇనుప దిమ్మ ఏ ప్రాణినీ మోసుకు రాలేదన్నది ఎవరూ జమ వేయని లాభం. అది పోయాకగాని తెలియలేదు.

తెరచాప పడవల్లో లోహం ఇంకా తన చోటు వదల్లేదు. ఇప్పటికీ సముద్రం దాటే అలాంటి పడవల కీల్ అనే అడుగుదూలానికి సీసాన్ని గాని, ఇనుమును గాని బిగిస్తారు. 2017 సెప్టెంబరు 10న మన నౌకాదళానికి చెందిన తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు మహిళలు గోవా నుంచి బయలుదేరారు. భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి వచ్చారు. ఆ ఆరుగురిలో హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నానికి చెందిన పి. స్వాతి ఉన్నారు. 254 రోజుల పాటు గాలిని నమ్ముకొని నడిచిన పడవ ఎన్నిసార్లు ఒరిగిందో, ఎన్నిసార్లు లేచిందో ఊహించుకోండి. పటాల్లో తెరచాప కనిపిస్తుంది. లేవదీసిన బరువు నీళ్ల కింద ఉంటుంది.

మీరేం చేయాలి?

కాబట్టి విద్యార్థులారా, సీసా ప్రయోగం మీరే చేయండి. మేకుల్ని తూచి, ఎన్ని గ్రాములకు సీసా నిలబడిందో, ఎన్ని గ్రాములు దాటితే మరీ మునిగిపోయిందో పుస్తకంలో రాసుకోండి. తరువాత మేకులకు బదులు అంతే బరువు ఇసుక వేసి తేడా చూడండి. వ్యాపార చరిత్ర పాఠం వచ్చినప్పుడు మీ మాస్టారిని అడగండి: "ఈ ఓడ అడుగున ఏముందండీ?" జవాబు వెంటనే రాకపోతే ఇద్దరూ కలిసి వెతకండి. గౌలిపుర చుట్టుపక్కల పిల్లలకు సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. అక్కడి ఆయుధాల గదిలో కత్తుల పిడుల మీద పొదిగిన రాళ్లను చూసి వచ్చేయకుండా, కత్తి అలుగు మీద ఉక్కు గీతలను కూడా చూడండి. నిజామాబాద్, కరీంనగర్, జగిత్యాల వైపు పిల్లలు తమ ఊరి పొలిమేరలో నల్లగా, బరువుగా, బుడగలు బుడగలుగా ఉండే చిట్టెం రాళ్లు కనిపిస్తే వాటిని చెదరగొట్టకండి. ఎక్కడ ఉన్నాయో రాసుకొని, మీ సైన్సు మాస్టారికి చూపించండి. విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం పిల్లలు రేవు గట్టు రాళ్లకు ఏ ఆల్చిప్పలు పట్టుకున్నాయో నెలకోసారి చూసి, బొమ్మ గీసి పెట్టుకోండి. ఒక ఏడాది బొమ్మలు వరసగా పెడితే మీ రేవులో ఎవరు కొత్తగా వచ్చారో తెలిసిపోతుంది.

ఇవేవీ ఖర్చుతో కూడిన పనులు కావు. ఒక సీసా, గుప్పెడు మేకులు, ఒక నోటు పుస్తకం ఉంటే చాలు. తెరచాప రెపరెపలాడుతుంటే చూడటం అందరికీ ఇష్టమే. వంగి, ఓడ అడుగులోకి దీపం పట్టి చూసేవాళ్లు తక్కువ. ఆ తక్కువమందిలో మీరుండాలని నా కోరిక.